ఒకే కొలతకు రెండు జతలు

కంపెనీ బస, మేడమీద కిటికీ గది
సోమవారం

అక్కా,

ఇక్కడ నేను క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అంటూ మొదలుపెడితే నువ్వు రెండో వాక్యం దాకా చదవవని నాకు తెలుసు. అందుకని సూటిగా చెప్పేస్తున్నాను. నన్ను నాయికను చేశారు.

అవును, నన్నే. మూడేళ్ళుగా రాణుల వెనక విసనకర్ర పట్టుకుని నిలబడ్డదాన్ని. పోయిన నెల మేనేజరుగారు పిలిచి, "నీ మొహంలో కన్నీళ్ళు బాగా కనిపిస్తాయమ్మా" అన్నారు. అది మెచ్చుకోలో తిట్టో తేల్చుకునేలోపు కొలతలు తీసేసుకున్నారు. తొమ్మిదేళ్ళ కిందట నువ్వు విసుగొచ్చిందని వదిలేసి వెళ్ళిన కంపెనీలోనే నీ చెల్లెలు నాయిక అయింది. ఇప్పుడేమంటావు?

పొద్దున్నే మొహానికి పసుపచ్చ రంగు, పెదాలకు నల్లరంగు పూస్తారు. అద్దంలో చూసుకుంటే కామెర్లు వచ్చినదానిలా ఉంటాను గాని, తెర మీద బొమ్మలో చందమామలా పడతానట. ఎండ కోసం గాజు కప్పు కింద తీస్తారు కదా, లోపల ఉడికిపోతున్నాం. మొన్న ప్రేమ సన్నివేశంలో నాయకుడు నా చెయ్యి పట్టుకుని, కళ్ళు అరమోడ్చి, తన పంటినొప్పి గురించి అంతా చెప్పాడు. బొమ్మకు మాట లేదు గనక ఎవరికి వినిపిస్తుంది? నేనూ సిగ్గుపడుతూ లవంగం పెట్టుకోమన్నాను.

నాకు జరిగిన ఒక మర్యాద చెప్తాను, గర్వపడు. నా మొహం దగ్గరగా కనిపించే ముక్కలన్నీ మొదటి వారంలోనే తీసేశారు. ఏడుపు, నవ్వు, కోపం, ఆఖరికి కథ చివర్లో నాయకుణ్ణి కలుసుకున్న ఆనందం కూడా. ఎండ బాగున్నప్పుడే మొహం తీసుకోవాలన్నారు మేనేజరుగారు. దర్జీ తాత నా బట్టలు ఒక్కొక్కటి రెండేసి కుడుతున్నాడు. ఏ రాణికీ రెండేసి జతలు కుట్టినట్టు నేను చూడలేదు. నా కాళ్ళు నేలమీద ఆనడం లేదక్కా.

నీ పిచ్చుక

*

ఫొటో షాపు వెనక గది
శుక్రవారం

పిచ్చుకా,

ఉత్తరం అందింది. సంతోషం. రెండో వాక్యమే కాదు, మొత్తం మూడుసార్లు చదివాను.

ఇక్కడ పని మామూలే. పొద్దుటి నుంచీ పెళ్ళిళ్ళ ఫొటోల్లో పెళ్ళికూతుళ్ళ బుగ్గలకు రంగులద్దుతున్నాను. నిన్న ఒక పెద్దాయన వచ్చి తన ఫొటోలో బట్టతల మీద జుట్టు వెయ్యమన్నాడు. వేశాను. ఇంటికి పట్టుకెళ్ళి, ఇది మా ఆయన కాదని భార్య అందని తిరిగి తెచ్చాడు.

నువ్వొక పని చెయ్యి. ఇప్పటిదాకా ఏమేం తీశారో, ఏది తర్వాత ఏదో, వరస తప్పకుండా రాయి. ఇంకా తీయాల్సినవి ఏమున్నాయో కూడా రాయి. రెండో జత ఎవరి ఒంటికి సరిచూస్తున్నాడో దర్జీ తాతను అడుగు. నేను అడగమన్నానని మాత్రం చెప్పకు. ఎందుకని నన్ను అడగకు.

వేళకు తిను. కప్పు కింద ఉన్నప్పుడు నీళ్ళు తాగు.

అక్క

*

కంపెనీ బస
బుధవారం

అక్కా,

నీకు కుళ్ళు అని రాయబోయి ఆగాను. నువ్వు కుళ్ళుకునేదానివి కాదు, అన్నం పెట్టి మరీ తిట్టేదానివి. అయినా "సంతోషం" అని ఒక్క మాట రాసి దాని మీద చన్నీళ్ళు పోయడం నీకే చెల్లింది.

సరే, వరస అడిగావు కదా, విను. మొదట మొహాలన్నీ అయిపోయాయి. తర్వాత నాయకుడితో కలిసి ఉన్నవి. ఇప్పుడు దూరం నుంచి తీసేవి జరుగుతున్నాయి. అందులో నేను నడుస్తూ వెళ్తుంటాను, వీపే కనిపిస్తుంది. ఆ నడకలు నాతో కొన్ని, ఇంకో అమ్మాయితో కొన్ని తీస్తున్నారు. రెండో జత ఆ పిల్లకే. దీనికి దర్జీ తాతను అడగడమెందుకు, అందరికీ తెలుసు. నేను అలిసిపోకూడదని పెట్టారట. మిగిలింది ఒక్కటే, పాత మిల్లు దగ్గర కాలువ లాకు మీంచి నాయిక దూకడం. అది అన్నిటికంటే చివర్న. నీళ్ళు ఉత్తినే నిలబడి ఉంటే బాగుండదని, నీళ్ళను ఆపే లాకు తలుపులు ఎత్తించి నురగ వచ్చేటప్పుడు తీస్తారట. ఈత వచ్చా అని ఎవరూ అడగలేదు. చిన్నప్పుడు నువ్వు నేర్పిన కుక్క ఈత ఉందిగా.

ఆ పిల్ల గురించి చెప్పాలి. అందరూ "వీపమ్మాయి" అని పిలుస్తారు. పదిహేడేళ్ళు ఉంటాయి. వెనక నుంచి చూస్తే నేనే అనుకుని నాయకుడు రెండుసార్లు పలకరించాడు. వాళ్ళమ్మది మీ ఊరే, స్టేషను వెనక వీధిలో ఇస్త్రీ దుకాణం. నా నడక నేర్పమంటే రోజూ నేర్పుతున్నాను. నేను ఎడమ కాలు కాస్త విసిరినట్టు వేస్తానట, నాకే తెలియదు. అది పట్టేసింది. మొన్న ఊరికెళ్ళి వీధంతా నా నడకే నడిచి చూపించి వచ్చిందట.

నిన్న పక్కన కూర్చుని, "అక్కా, నా మొహం ఎప్పటికైనా బొమ్మలో పడుతుందా, అమ్మ చూస్తానంటోంది" అని అడిగింది. కెమెరా పిడి తిప్పే పిడిమామ అక్కడే ఉన్నాడు. నేను నవ్వుతూ, "తీస్తున్నప్పుడు గభాల్న ఇటు తిరుగు, మామ ఏం చెయ్యగలడు, పిడి తిప్పుతూనే ఉంటాడు" అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం. దానికి నవ్వొస్తే ఆగదు.

నీ పిచ్చుక

*

ఫొటో షాపు వెనక గది
శనివారం, ఉదయం

పిచ్చుకా,

ఇది ఒంటరిగా చదువు. చదివాక పొయ్యిలో పెట్టు.

నేను విసుగొచ్చి మానలేదు. నీకూ అమ్మకూ అలా చెప్పాను. మా రోజుల్లో ఒకావిడ ఉండేది, ఎప్పుడూ రాణి వేషాలే గనక రాణిగారనేవాళ్ళం. నేను ఆవిడకు వీపును. మా బట్టలూ రెండేసి జతలు కుట్టారు. ఆవిడ మొహం ముక్కలన్నీ మొదటి వారంలో తీశారు. ఆవిడా నీలాగే మురిసిపోయింది. చివరికి గుర్రబ్బండి ఒక్కటి మిగిలింది. కొండ వాలులో బండి వేగంగా దిగాలి. చక్రం సరిగ్గా లేదని బండివాడు ముందురోజు చెప్పాడు. నేను విన్నాను. మేనేజరూ విన్నాడు.

రాణిగారు పోయిన మూడో రోజున మిగతా నడకలు నాతో తీశారు. నేను తొడుక్కున్న జాకెట్టు కొక్కేనికి ఆవిడ వెంట్రుక ఒకటి చుట్టుకుని ఉంది. తీసి పారేసి నడిచాను. బొమ్మ మూడు నెలలు ఆడింది. అందులో ఆవిడ చచ్చిపోయిన చోటు ఎక్కడుందో చూసినవాళ్ళు ఒక్కరూ కనిపెట్టలేదు. నేను ఎవరితోనూ చెప్పలేదు. ఇప్పుడు నీతో చెప్తున్నాను.

బాగా విను. నిన్ను చంపాలని అక్కడ ఎవరూ అనుకోవడం లేదు. మేనేజరు మంచిగానే మాట్లాడతాడు, జ్వరం వస్తే మాత్రలు పంపిస్తాడు. నువ్వు చచ్చినా బొమ్మ ఆగకుండా అన్నీ ముందే సర్దుకుంటాడు, అంతే. సర్దుకున్నాక ఇక జాగ్రత్త పడాల్సిన అవసరం ఉండదు. తలుపులు ఎత్తిన లాకులో కుక్క ఈత పనికిరాదు. అడుగున నీరు లాగేస్తుంది.

నువ్వు దూకకు. కాళ్ళు పట్టుకున్నా, జుట్టు పట్టుకున్నా దూకకు. నాయిక పదవి పోతే పోనీ. నా పక్కన కూర్చుని పెళ్ళికూతుళ్ళ బుగ్గలకు రంగులద్దుదువుగాని.

అక్క

*

కంపెనీ బస
గురువారం

అక్కా,

నీ ఉత్తరం చదివాక ముందు నీమీద కోపం వచ్చింది. తొమ్మిదేళ్ళు నోరు మూసుకుని, నా సంతోషం చూసి ఇప్పుడు తెరిచావా అనిపించింది. తర్వాత దర్జీ తాత దగ్గరికి వెళ్ళాను. రాణిగారి జాకెట్టు ఎవరు కుట్టారని ఊరికే అడిగాను. నోట్లో దారం తీసి, సూది పక్కన పెట్టాడు. "మీ అక్క బాగుందా" అన్నాడు. అంతటితో నాకు అర్థమైపోయింది.

మధ్యాహ్నం ధైర్యం చేసి మేనేజరుగారి గదికి వెళ్ళి, నేను దూకనండీ, నీళ్ళంటే భయం అని చెప్పేశాను. అరుస్తాడు, సాయంత్రానికి మూట సర్దుకోవాలి అనుకుని వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని నవ్వాడు. "దానికంత మొహం వేలాడేస్తావేమమ్మా. నువ్వు వద్దంటే ఆ పిల్ల దూకుతుంది. వీపే కదా కనిపించేది" అన్నాడు.

అంతే అక్కా. అంత సులువుగా అయిపోయింది. గదికి వచ్చి పడుకుంటే, నీ ఉత్తరం వచ్చాక మళ్ళీ ఇప్పటికి కంటినిండా నిద్ర పట్టింది. వీపమ్మాయి సంబరానికి పట్టపగ్గాలు లేవు. దూకేది తనేనని బసలో అందరికీ చెప్పుకు తిరుగుతోంది. కాలువ పక్కన పెరిగినదట. ఆదివారం మధ్యాహ్నం ఎండ నిలువుగా ఉన్నప్పుడు తీస్తారు.

నువ్వు చెప్పినట్టే ఉత్తరం పొయ్యిలో పెట్టాను. నా ప్రాణం నిలబెట్టావు.

నీ పిచ్చుక

*

ఫొటో షాపు వెనక గది
శనివారం

పిచ్చుకా,

బతికించావు. ఉత్తరం చదివి షాపు అరుగు మీదే కూలబడిపోయాను. యజమాని కంగారుపడి సోడా తెప్పించాడు. సంతోషంతో కూలబడ్డానంటే నమ్మలేదు.

ఆదివారం నువ్వు ఆ లాకు దరిదాపులకు కూడా పోకు. తలనొప్పని చెప్పి గదిలో పడుకో. బొమ్మ పూర్తవగానే మూటాముల్లె సర్దుకుని వచ్చెయ్యి.

(కింద ఒక వాక్యం రాసి కొట్టేశాను. దాన్ని పట్టించుకోకు.)

అక్క

*

కంపెనీ బస
ఏ వారమో గుర్తులేదు

అక్కా,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. అప్పటికి అయిపోయింది.

ఆదివారం గదిలో ఉండలేకపోయాను. వెళ్ళాను. లాకు కాపలావాడు రెండు తలుపులూ ఎత్తేశాడు, నీళ్ళ హోరుకి పక్కవాడి మాట వినిపించడం లేదు. మేనేజరుగారు రేకు బాకా నోటి దగ్గర పెట్టుకుని నడువు, ఆగు, దూకు అని చెప్తున్నారు. వీపమ్మాయి నా బట్టలు తొడుక్కుని లాకు మీది దూలం మీద నడిచింది. నా నడకే. ఎడమ కాలు విసురుతూ. గట్టు మీంచి చూస్తుంటే నన్ను నేను చూసుకుంటున్నట్టు ఉంది. దూలం చివరి నుంచి ముందుకు దూకాలి, ముందుకు దూకితే కింద రాళ్ళు తగలవు. ఒడ్డున ఇద్దరు తాడు పట్టుకుని ఉన్నారు.

దూకమనగానే అది వెనక్కి తిరిగింది. మొహం ఇటు పెట్టి, కెమెరా ఎక్కడుందో వెతుక్కుని, నవ్వింది. తడి దూలం మీద మడమ జారింది. ముందుకు పడలేదు అక్కా, నిలువునా పడింది. రాయి తగిలిన చప్పుడు ఆ హోరులో కూడా వినిపించింది. తాడు విసిరేటప్పటికి నీళ్ళ మీద ఏమీ లేదు.

పిడిమామ చెయ్యి మాత్రం ఆగలేదు. తిప్పుతూనే ఉన్నాడు. తర్వాత గట్టున కూర్చుని, దానంతటదే తిరిగిందమ్మా అని చెయ్యి చూపిస్తూ ఏడ్చాడు. మేనేజరుగారు వచ్చి అతన్ని మొదట అడిగిన మాట "పడిందా?" అని. బొమ్మలో పడిందా అని.

మర్నాడు పొద్దున మిల్లు ఇనప కడ్డీల దగ్గర దొరికింది. ఒంటిమీద బట్టలు తీసి పాత బట్టలు కట్టమని దర్జీ తాతకు పురమాయించారు. కాలువకు వచ్చిన ఆడమనిషెవరో కాలు జారి పడిందని ఊళ్ళో చెప్పారు. వాళ్ళమ్మకు, మీ అమ్మాయి పది రోజుల కిందటే చెప్పాపెట్టకుండా పని మానేసి పోయింది అని కంపెనీ నుంచి ఉత్తరం వెళ్ళింది. నేనూ అక్కడే ఉన్నాను. నోరు తెరవబోతే మేనేజరుగారు దగ్గరికి వచ్చి, ఎంతో నెమ్మదిగా, "నువ్వు దూకనన్నావు, మేం నీ మాట విన్నాం కదమ్మా" అన్నారు.

బుధవారం నాకు రెండో జత తొడిగారు. గాజు కప్పు కింద తొట్టిలో నీళ్ళు పోసి, అందులోంచి పైకి లేచి, ఊపిరి పీల్చుకుని, నవ్వమన్నారు. లేచాను. పీల్చుకున్నాను. నవ్వాను. ఒక్కసారికే బాగా వచ్చిందట.

అది ఇటు తిరిగిన ఫిలిం ముక్కను కత్తిరించి పారేశారు. పిడిమామ ఏరి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఈ కవరులో ఉంది. నాలుగు బొమ్మలు, గోరంతేసి. మొహం నల్లగా, జుట్టు తెల్లగా కనిపిస్తుంది, జడుసుకోకు. కిటికీ వెలుతురుకి పట్టి చూడు. దీపం దగ్గరికి తీసుకెళ్ళకు, భగ్గుమంటుంది.

దాన్ని ఇటు తిరగమన్నది నేనే. నవ్వుతూ అన్నాను. ఆ పిల్ల దాన్ని నవ్వులాట అనుకోలేదు. నువ్వు నన్ను దూకొద్దన్నావు, నేను దూకలేదు. అంతకుమించి మనిద్దరం ఏమీ ఆలోచించలేదు. ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్పు. ఈసారి కూడా పొయ్యిలో పెట్టమంటావా?

పిచ్చుక

*

ఫొటో షాపు
మంగళవారం

పిచ్చుకా,

ఏదీ పొయ్యిలో పెట్టకు. ఆ మాట రాసినందుకు నా చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది.

కిందటి ఉత్తరంలో నేను కొట్టేసిన వాక్యం "ఆ పిల్లకు ఈత వచ్చా?" అన్నది. అడిగితే నువ్వు జాలిపడి మళ్ళీ నేనే దూకుతానంటావేమోనని భయపడి కొట్టేశాను. నాకు మా చెల్లెలు కావాలి, అంతే. రాణిగారి చక్రం సంగతి దాచినదాన్ని ఈ ఒక్క వాక్యం దాచలేనా? తొమ్మిదేళ్ళలో నేను మారింది ఏమీ లేదు.

ఆదివారం షాపు మూసి ఉన్నప్పుడు చీకటి గదిలో కూర్చుని ఆ నాలుగింటినీ పెద్దవి చేశాను. మూడు చెదిరిపోయాయి. ఒకటి నిలిచింది. కాగితం మీద మొదట జుట్టు వచ్చింది, తర్వాత కళ్ళు, చివర్న నవ్వు. పై పన్ను ఒకటి కాస్త వంకర. నువ్వది రాయలేదు. ఎవరి మొహానికైనా రంగులు అద్దేదాన్ని, ఈ మొహానికి ఏమీ అద్దలేదు.

తీసుకుని స్టేషను వెనక వీధికి వెళ్ళాను. ఆ పిల్ల తల్లి బొగ్గుల ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఫొటో అందుకుంది. నిలబడే ఉంది. నేను అన్నీ చెప్పాను. వరసగా, రాణిగారి దగ్గర్నుంచి మొదలుపెట్టి. దూకాల్సింది నా చెల్లెలనీ, వద్దన్నది నేననీ, తిరగమని నవ్వులాటకు అన్నది నువ్వనీ చెప్పాను. ఆమె ఫొటోనే చూస్తోంది. "జుట్టు తడవలేదు. ఇంకా పడలేదన్నమాట" అంది.

తిడుతుందని వెళ్ళాను, కొడితే పడదామనీ వెళ్ళాను. రెండూ చెయ్యలేదు. పిల్ల ఎవడితోనో పోయిందని వీధిలో అంటుంటే పదిరోజులుగా తల దించుకుని ఇస్త్రీ చేస్తోందట. ఫొటో ఇంకో ప్రతి మా షాపు ముందు అద్దంలో, వీధికి కనిపించేలా పెట్టాను. కింద, లాకు మీంచి దూకింది ఈ అమ్మాయి అని రాశాను. యజమాని చదివి గొంతు సవరించుకున్నాడు గాని తీయమనలేదు. ఆ బొమ్మ ఈ ఊరికి వచ్చినప్పుడు జనం దీన్ని చూశాకే ఆటకు వెళ్తారు. మేనేజరుకు తెలుస్తుంది. తెలియనీ. నీకు అక్కడ ఇక అన్నం పుట్టదు, నాకు తెలుసు.

నేను వచ్చేస్తుంటే ఆమె వెనక నుంచి పిలిచింది. కిందటిసారి ఇంటికి వచ్చినప్పుడు పిల్ల కొత్త నడకేదో నడిచిందనీ, అదేం నడకే, కాలు బెణికిందా అని తను కసురుకుందనీ చెప్పింది. నాయిక నడకమ్మా అని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నాలుగుసార్లు నడిచిందట. పనిలో ఉండి సరిగ్గా చూడలేదట. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "మీ చెల్లెలిది అదే నడకా? ఒకసారి రమ్మను. నా ముందు నుంచి అటు తిరిగి నడవమను. చూస్తాను" అంది.

అందుకని, రైలు దిగాక ఇంటికి రాకు. స్టేషను వెనక వీధికి రా. దుకాణం ముందు నేను ఆమె పక్కన నిలబడి ఉంటాను. మమ్మల్ని పలకరించకు, దాటి నడిచి వెళ్ళు, నీ నడకే నడువు. ఆమె చాలు అనేదాకా వెనక్కి తిరగకు.

అక్క